గోళీ దొర్లే వాటం

మార్చి 2

నా కూతురు నన్ను పనిలోకి తీసుకుంది. నా కూతురు నన్ను పనిలోకి తీసుకుంది. రెండుసార్లు రాసింది పొరపాటు కాదు, కావాలనే రాశాను. చోటుంటే మూడోసారీ రాసేవాణ్ణి.

మోకాళ్ళు మొరాయించి తాపీ కిందపెట్టిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో కుర్చీలో కూర్చుని కూర్చుని నేనే కుర్చీనైపోయాను. మా ఆవిడ ఊడ్చేటప్పుడు కుర్చీతో పాటు నన్నూ పక్కకి జరుపుతుంది. అలాంటిది ఇవాళ పొద్దున టీ తాగుతూ అమ్మాయి, "నాన్నా, గాజు పలక మొయ్యడానికి ఒక మనిషి కావాలి. వస్తావా?" అంది. వస్తావా అని అడగడమేమిటి, పిచ్చిపిల్ల. గ్లాసు కింద పెట్టకుండానే చెప్పులు వేసుకున్నాను.

మా ఆవిడ మోకాళ్ళ సంగతి గుర్తుచేసింది. గాజు చేతులతో మోస్తారు, మోకాళ్ళతో కాదు అన్నాను. "నోటితోనూ కాదు. అది గుర్తుంచుకోండి, చాలు" అంది.

ఈ డైరీ కూడా అమ్మాయే కొనిచ్చింది. కస్టమర్ల ఇంట్లో మాట వచ్చినప్పుడల్లా ఆపుకుని, ఇంటికొచ్చి ఇందులో వేసెయ్యమంది. ఎంత శ్రద్ధో. నా మాటలు వృథా పోకూడదని.

మార్చి 3

మా ముందుగదిలో ఉన్న పిన్‌బాల్ మెషీను చుట్టూ తిరిగి వెళ్ళడమే గానీ ఇన్నాళ్ళూ లోపలికి తొంగిచూసింది లేదు. మూతపడిన ఆటలశాల నుంచి అమ్మాయి దాన్ని తెచ్చుకున్నప్పుడు, మంచమంత పెట్టె, పైగా నాలుగు కాళ్ళు, ఇదెందుకు అనుకున్నాను. ఇవాళ ఒకరింట్లో గాజు తీసి చూపించింది. లోపల ఒక ఊరే ఉంది. దీపాలు, గంటలు, వంతెనలు, సందులు, వాటి మధ్య పరుగెత్తే ఇనుప గోళీ, దాన్ని ఎదురు కొట్టే రెండు రెక్కలు. ఇలాంటివి సరదాకి ఇళ్ళల్లో పెట్టుకునేవాళ్ళు చాలామందే ఉన్నారట. ఆడటం వాళ్ళకి వచ్చు, తుడవడం రాదు. తుడవడం మా అమ్మాయికి వచ్చు. అదీ వ్యాపారం.

దీనికోసమే ఆఫీసు ఉద్యోగం వదిలేసి వచ్చింది. ఆ రోజు మా ఆవిడ భోజనం ముట్టలేదు. నేనూ ముట్టలేదు. కాకపోతే నాది సంతోషం.

పని చూస్తే కళ్ళు చల్లబడ్డాయి. ముందు కరెంటు తీసేసింది. గాజుని జారుగా బయటికి లాగి నా చేతికిచ్చింది. ఉత్త నేల మీద ఆనించకూడదు, మూల తగిలిందంటే మొత్తం పలుకులు పలుకులైపోతుంది, దుప్పటి మడతపెట్టి దానిమీద నిలబెట్టాలి. తర్వాత గోళీలు తీసి డబ్బాలో వేసింది. కుంచెతో దుమ్ము లాగింది. నీళ్ళు అసలు తగలనివ్వదు. అరిగిపోయిన రబ్బరు రింగులు తీసి కొత్తవి తొడిగింది. చివర్లో మైనం రాసి, ఆరనిచ్చి, మెత్తటి గుడ్డతో రుద్దితే ఆ చెక్క మీద నా మొహం కనబడింది. నా మొహం ఇంత బాగుంటుందని నాకే తెలియదు.

ఒక్క చిన్న విషయం. నేను అలవాటుగా "పిచ్చుకా, ఈ గుడ్డ చాలా?" అన్నాను. చిన్నప్పటి ముద్దుపేరు. ఇంటాయన నవ్వాడు. బయటికొచ్చాక అమ్మాయి, పనిచేసే చోట పిచ్చుక అనొద్దంది. మరేమనాలి అంటే ఏమీ అనొద్దంది. అలా ఎలా కుదురుతుంది? ఆలోచించి ఆలోచించి "మేస్త్రీ" అని పిలుద్దామనుకున్నాను. పని చేయించేవాళ్ళు మేస్త్రి, పని చేసేవాడు నేను. ఆవిడ ఒప్పుకుంది. వ్యాను నడుపుతూ మొహం అటు తిప్పుకుని నవ్వింది కూడా.

మార్చి 6

ఒక పొరపాటు జరిగింది. చిన్నదే.

అమ్మాయి బజారుకెళ్ళినప్పుడు ముందుగదిలో మెషీనుకి సాయం చేద్దామని రెక్కల కీళ్ళలో, స్ప్రింగుల్లో కుట్టుమిషను నూనె వేశాను. కదిలే ప్రతిదానికీ నూనె వెయ్యాలని లోకమంతా ఒప్పుకుంటుంది, ఈ మెషీను తప్ప. లోపల నూనె పడితే దుమ్ము పట్టి నల్లటి జిగురవుతుందట, రెక్క బిగుసుకుపోతుందట. అమ్మాయి మొత్తం విప్పి తుడుచుకుంటూ కూర్చుంది. ఒక్క మాట అనలేదు. వాళ్ళమ్మ అంది, కూతురి వంతూ కలిపి అంది.

నూనె సీసా ఎక్కడ దాచారో తెలియడం లేదు.

మార్చి 9

ఇవాళ పెద్ద ఇల్లు. పళ్ళ డాక్టరుది. కింది హాల్లో మూడు మెషీన్లు వరసగా ఉన్నాయి. ఆయనకి నచ్చితే మా పని నిలబడినట్టేనని దారిలో అమ్మాయి చెప్పింది. ఆయన స్నేహితులందరి ఇళ్ళల్లోనూ మెషీన్లున్నాయి, అందరూ ఆయన మాట వింటారు, ఈ శనివారం సాయంత్రం ఆయన ఇంట్లోనే పోటీ పెట్టుకున్నారు. నచ్చకపోతే? అడిగాను. మళ్ళీ ఆఫీసు మెట్లు ఎక్కాల్సిందేనంది. మామూలుగా అన్నట్టే అంది గానీ గేరు మార్చడం మరచిపోయింది.

డాక్టరు ఎంత మర్యాదస్థుడో. తలుపు తీయగానే నాకు నమస్కారం పెట్టాడు, నా చేతిలో సంచీ అందుకున్నాడు. "ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నారండీ పని?" అని అడిగాడు. నలభై ఏళ్ళు అన్నాను. అబద్ధం కాదు. ఏ పని అని ఆయన అడగలేదు. ఆయన పని అన్నాడు, నేను పని అనుకున్నాను.

అక్కణ్ణుంచి నన్ను వదిలితే ఒట్టు. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. ఈ గోళీ ఎందుకు నల్లబడింది, ఈ దీపం ఎందుకు మినుకుమంటోంది అని అన్నీ నన్నే అడిగాడు. నేను పక్కకి వంగి మేస్త్రిని అడిగి, ఆవిడ చెప్పింది ఆయనకి చెప్పాను. పక్కనే ఉన్న మనిషికి ఆ మాత్రం అందించకపోతే ఏం బాగుంటుంది? మధ్యలో ఒకసారి ఆయన అమ్మాయితో "ఇదుగో, ఆ టార్చి ఇటు పట్టు, ఆయనకి కనబడాలి" అన్నాడు. నేను ఊరుకోలేదు, ఆవిడ కూడా బాగా చేస్తుందండీ అని గట్టిగా చెప్పాను. తన పేరు కూడా నిలబెట్టాలి కదా.

వెళ్ళేటప్పుడు ఫోన్ నెంబరు అడిగాడు. నాదే ఇచ్చాను, అమ్మాయిని మాటిమాటికీ విసిగించకుండా.

వస్తున్నంతసేపూ అమ్మాయి మాట్లాడలేదు. అలసిపోయింది, పాపం.

మార్చి 12

నా కూతురు అలసిపోయింది. ఇవాళా మాట్లాడలేదు.

మార్చి 14, శనివారం

వీలైనంత తాపీగా రాస్తాను. తాపీ మేస్త్రిని, తాపీగా రాయడానికేం.

మధ్యాహ్నానికల్లా అమ్మాయి మూడు మెషీన్లూ ముగించింది. ఒక్కొక్కటీ ఆడి చూసింది, గోళీ మెరుపులా తిరుగుతోంది. అదే వీధిలో ఇంకో ఇంట్లో దీపం మార్చి వస్తానని, గాజుల మీద వేలిముద్రలు తుడుస్తూ ఉండమని నాకు చెప్పి వెళ్ళింది. "తుడుస్తూ మాత్రమే ఉండు నాన్నా" అంది. మాత్రమే అన్న మాట ఇప్పుడు గుర్తొస్తోంది.

డాక్టరు కిందికి దిగి వచ్చాడు. అటూ ఇటూ వంగి చూశాడు. "మేస్త్రిగారూ, ఇవి కాస్త ఒరిగినట్టు లేవూ?" అన్నాడు. అమ్మాయిని నేను అలా పిలవడం విని, అది నన్ను పిలిచే మాట అనుకున్నట్టున్నాడు. సరిదిద్దేలోగా నా చెయ్యి సంచీలోకి పోయింది. నా రసమట్టం ఎప్పుడూ నాతోనే ఉంటుంది, కొందరికి కళ్ళజోడు ఉన్నట్టు. తీసి గాజు మీద పెట్టాను.

రసమట్టంలో బుడగ మధ్యలో నిలిస్తే మట్టం సరిగ్గా ఉన్నట్టు. ఇక్కడ మధ్యలో లేదు. అంచుకి పోయి అతుక్కుపోయింది. మూడింటికీ అంతే. నలభై ఏళ్ళలో నేను వేసిన ఏ అరుగు మీదా, ఏ హాల్లోనూ బుడగ అలా పారిపోలేదు. మా అమ్మాయి చేసిన పనిలో ఇంత వంకరా? పోటీకి వచ్చినవాళ్ళు చూస్తే తన పరువేం కావాలి? కాళ్ళ కింద మరలున్నాయి. వెనకవి దించాను, ముందువి ఎత్తాను, చాలకపోతే చెక్కముక్కలు పెట్టాను. మోకాళ్ళు అరిచాయి, అరవనిచ్చాను. చివరికి బుడగ మూడింటి మీదా సరిగ్గా గీతల మధ్యకి వచ్చి కూర్చుంది. డాక్టరూ నేనూ దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాం. అంత అందమైన బుడగని నేను చూడలేదు.

అమ్మాయి వచ్చి వ్యాను హారను కొట్టింది. తనకి చెప్పలేదు. తెలిసినప్పుడు సంతోషపడుతుందిలే అనుకున్నాను.

సాయంత్రం నా ఫోను మోగింది. డాక్టరు. వెనక జనం నవ్వులు. గోళీ బయటికైతే వస్తోందట, వచ్చి మధ్యలో అలిగిన అల్లుడిలా కూర్చుంటోందట, ఎంత బతిమాలినా కిందికి దిగడం లేదట. "మీరు అంత చక్కగా సరిచేసి వెళ్ళారు. ఆ అమ్మాయే ఏదో పాడుచేసి ఉంటుంది. ఇంకోసారి ఆ అమ్మాయిని తీసుకురాకండి" అన్నాడు. అలాగేనండీ అన్నాను. ఎందుకన్నానో తెలియదు. పెద్దమనిషి అంత మర్యాదగా చెబుతుంటే నోట్లోంచి అదే వచ్చింది.

తలెత్తితే అమ్మాయి ఎదురుగా ఉంది. ఫోన్లో ఆయన గొంతు ఇల్లంతా వినబడేటంత పెద్దది.

ఏం చేశావని అడిగింది. చెప్పాను. బుడగ సంగతి కూడా చెప్పాను, కాస్త గర్వంగానే. అమ్మాయి నా పక్కన కూర్చుంది.

"నాన్నా, నువ్వు కట్టిన స్నానాల గదుల్లో నేల మట్టంగా వేశావా?"

"ఛ, మట్టంగా వేస్తే నీళ్ళెలా పోతాయి? వాటం పెట్టాలి. తూము వైపుకి వాలు ఉండాలి."

"గోళీ కూడా నీళ్ళే నాన్నా."

అంతే అంది. ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. హాలు అనుకుని స్నానాల గదిని మట్టం చేసి వచ్చాను. ఒకటి కాదు, మూడు. వాటం లేని స్నానాల గది వేసిన పనివాణ్ణి నేనైతే సైటు దాటేదాకా తరిమేవాణ్ణి.

అమ్మాయి అప్పుడే వ్యానెక్కి వెళ్ళి, వాళ్ళందరి ముందూ పడుకుని మరలు తిప్పి, వాటం మళ్ళీ పెట్టి వచ్చింది. తన పొరపాటేనని ఒప్పుకుని వచ్చిందట. నా పేరెత్తలేదట. వచ్చి చేతులు కడుక్కుంటూ, రేపట్నుంచి నేనొక్కదాన్నే వెళ్తానంది.

మార్చి 15

నాకు ఇవాళ్టి నుంచి విశ్రాంతి. చాలా సంతోషంగా ఉంది. ఈ వయసులో గాజులు మోయడమేమిటి.

మార్చి 16

సంతోషంగానే ఉంది.

మార్చి 17

మా ఆవిడ ఊడ్చింది. జరిగాను.

మార్చి 18

నాలుగు రోజులుగా ఒక్క ఫోనూ రాలేదట. శనివారం పోటీకి వచ్చినవాళ్ళందరికీ డాక్టరు ఏం చెప్పి ఉంటాడో అందరికీ తెలుసు, ఎవరూ అనడం లేదు. అమ్మాయి ముందుగదిలో తన మెషీను గోళీలనే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది. తుడవడానికి వాటి మీద ఏమీ లేదు. ఇవాళ ఆఫీసుకి వేసుకెళ్ళే చొక్కా ఇస్త్రీ చేసి పెట్టుకుంది. ఊరికే, ముడతలు పడిందని, అంది.

నేను తన మేలు కోరే కదా చేశానని మా ఆవిడతో అన్నాను. పాత్రలు సర్దుకోవడం ఆపి అడిగింది.

"ఒకటి చెప్పండి. మీ సంతోషం కూతురు పని చేస్తున్నందుకా, మిమ్మల్ని మేస్త్రిగారూ అంటున్నందుకా?"

రెండింటికీ అన్నాను. "రెండు గిన్నెలకీ ఒకే మూత సరిపోదండీ" అని మళ్ళీ సర్దుకోసాగింది.

ఆవిడ మాటలు ఒక్కోసారి అర్థం కావు. ఇది మాత్రం అయింది. అవకుండా ఉంటే బాగుండేది. డాక్టరు నన్ను అడిగిన ప్రతిదీ నేను అమ్మాయిని అడిగే చెప్పాను. అంటే ఆయన చెవి పక్కనే మా అమ్మాయి ఉంది, నేను మధ్యలో గోడ కట్టాను. గోడలు కట్టడం బాగా వచ్చు మరి.

మార్చి 21

డాక్టరు ఫోను చేశాడు. నాకే.

ఆయన స్నేహితుడింట్లో నాలుగు మెషీన్లట. బాగా పాతవట, శుభ్రం చేసి ఏటా చూసుకోవాలట. నేను ఒక్కణ్ణే రావాలట. అనుభవం ఉన్న చెయ్యి కావాలన్నాడు. అనుభవం ఉన్న చెయ్యి. నా చెయ్యి చూసుకున్నాను, నిజంగానే బాగుంది.

నిజం రాయాలంటే, ఒక్క ఊపిరి పీల్చేంతసేపు సరేనందామనుకున్నాను. అమ్మాయిని రహస్యంగా అడిగి చేసెయ్యొచ్చు, తనకీ పని దొరికినట్టే కదా అని లోపల ఎవడో వకీలు వాదించాడు. అటు చూస్తే తలుపుకి ఇస్త్రీ చొక్కా వేలాడుతోంది.

డాక్టరుగారూ, నలభై ఏళ్ళూ నేను చేసింది గోడలూ అరుగులూ అని చెప్పాను. పిన్‌బాల్లో నా వయసు మూడు వారాలు, గాజు మొయ్యడం వరకే వచ్చు, అదీ దుప్పటి ఉంటేనే అన్నాను. గోళీ కదలకుండా చేసింది నేనూ, కదిలేలా చేసింది మా అమ్మాయీ, బుడగ చూసి మనిద్దరం మురిసిపోయాం కానీ ఆ మెషీను చూసి మనిద్దర్లో ఎవరికీ ఏమీ తెలియలేదు అన్నాను. మనిద్దరం అనడం ఆయనకి నచ్చినట్టు లేదు.

"అయితే ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు.

"మా అమ్మాయిని పిలవండి. ఆవిడ వస్తే నేను రానక్కర్లేదు. ఆవిడ రాకపోతే నేను వచ్చి లాభం లేదు."

ఆయన గొంతు తగ్గించి, మా స్నానాల గదిలో నీళ్ళు నిలిచిపోతున్నాయి, దానికెవర్ని పిలవాలి మరి అన్నాడు. ఎవరు వేశారండీ నేల అంటే, ఎవరో నున్నగా మట్టంగా వేశాడు, చూడ్డానికి బాగానే ఉంటుంది అన్నాడు. ఇద్దరం ఒకేసారి నవ్వాం. ఆయన పళ్ళు ఎంత బాగుంటాయో ఫోన్లోనే తెలిసింది.

అమ్మాయి నెంబరు అంకె అంకె చెప్పి రాసుకోమన్నాను.

పని పోగొట్టుకోవడం నాకు కొత్త కాదు గానీ, చేతులారా ఇచ్చెయ్యడం ఇదే మొదలు.

మార్చి 24

అమ్మాయి ఆ నాలుగు మెషీన్ల ఇంటికి ఒక్కతే వెళ్ళొచ్చింది. డాక్టరు కూడా అక్కడికి వచ్చాడట. ఈసారి టార్చి ఆయనే పట్టుకున్నాడట. ఏటా చూసుకునే పని తనకే ఇచ్చారు. ఇదంతా వాళ్ళమ్మకి చెబుతుంటే విన్నాను, తలుపు పక్కన నిలబడి కాదు, తలుపు పక్కనే నా కుర్చీ ఉంది.

చొక్కా బీరువాలోకి పోయింది.

చాలా సంతోషంగా ఉంది. ఈసారి రాస్తుంటే అక్షరాలు కొంచెం నిజంగానే వచ్చాయి.

మార్చి 26

భోజనాల దగ్గర అమ్మాయి నా వైపు చూడకుండా అంది, రేపు సంగీతం టీచరమ్మ ఇంట్లో పని, మెషీను మేడ మీద ఉంది, గాజు మొయ్యాలి.

వింటున్నాను అన్నాను.

మాటలు, అంది.

ఒక్కటీ ఉండదు అన్నాను.

"పెదవి కదిలినా వ్యాన్లో కూర్చోబెడతాను నాన్నా."

మా ఆవిడ నీళ్ళు తాగుతూ పొలమారింది.

మార్చి 27

వెళ్ళాను. మేడ ఎక్కాను. గాజు మోశాను. దుప్పటి పరిచాను, నిలబెట్టాను, వెనక్కి జరిగాను.

టీచరమ్మ మంచి మనిషి. ఎండ ఎలా ఉందని అడిగింది, తల ఊపాను. మంచినీళ్ళు కావాలా అంటే తల ఊపాను. చక్కెర వెయ్యనా అంటే కూడా ఊపాను, అందుకని ఆ నీళ్ళలో చక్కెర వేసి ఇచ్చింది. తాగాను.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. అమ్మాయి గోళీ దొర్లే చెక్క పలకని పైకెత్తి, కిందేముందో చూడమని నన్ను దగ్గరికి పిలిచింది. చూశాను. పెట్టె లోపల, గోడకి ఆనుకుని, ఒక తూకం గుండు వేలాడుతోంది. తాపీ పనివాడు దారం కట్టి గోడ పక్కన వేలాడదీసే గుండు. బొటనవేలంతే ఉంది, దారానికి బదులు చువ్వ ఉంది, అంతే తేడా. చుట్టూ ఇనుప రింగు. ఎవరైనా ఆశకొద్దీ మెషీనుని గట్టిగా కుదిపితే ఈ గుండు ఊగి రింగుకి తగులుతుంది, వెంటనే ఆట ఆగిపోతుంది. ఈ వివరం అమ్మాయి నాకు చెప్పింది. నాకే, నా కళ్ళలోకి చూస్తూ, టీచరమ్మకి కాదు. గొంతులోకి మాటలు వరదలా వచ్చాయి. గోడ నిలువు చూసే గుండు ఇక్కడ మనిషి నిలువు చూస్తోంది అని, మా మొదటి మేస్త్రి దగ్గర ఇత్తడి గుండు ఉండేదని, ఇంకా చాలా. చెంప లోపలి వైపు కొరుక్కున్నాను. చక్కెర రుచి.

అప్పుడు ఆ రింగుకి పట్టిన మసిని తుడిచే గుడ్డ నా చేతిలో పెట్టింది. నేను తుడిచాను. గుండు ఊగకుండా, ఊపిరి బిగబట్టి.

గుడ్డ దులపడానికి నేను వరండాలోకి వెళ్ళినప్పుడు లోపల టీచరమ్మ గొంతు తగ్గించి అమ్మాయిని అడగడం వినబడింది.

"మీతో వచ్చినాయన, పాపం, మాటలు రావా?"

"వస్తాయండీ. పనికి కొత్త. నేర్చుకుంటున్నారు."

కొత్త అంది. నన్ను ఎవరైనా కొత్త అని ఎన్నేళ్ళయిందో. పాతవాణ్ణి ఏదో ఒక రోజు కూర్చోబెడతారు. కొత్తవాణ్ణి కూర్చోబెట్టరు, నిలబెట్టి నేర్పుతారు. నేర్చుకుంటున్నారు అంది, నేర్చుకున్నారు అనలేదు, అంటే ఇంకా చాలా మిగిలి ఉంది. గుడ్డ ఎప్పుడో శుభ్రమైపోయింది, అయినా దులుపుతూనే ఉన్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడకి ఈ సంగతి చెప్పాను. మొదటిసారి విని ఊరుకుంది. రెండోసారి చెప్పినప్పుడు, ఆ టీచరమ్మ పాఠాలు చెప్పేది సంగీతమేనా, చెవులు సరిగ్గా ఉన్నాయా అని అడిగింది. మూడోసారి చెప్పబోతుంటే కుర్చీ జరిపి ఊడ్చేసింది. కుర్చీ ఒక్కటే జరిపింది. నేను అందులో లేను, ముందుగదిలో మా మెషీను గాజు ముందు దుప్పటి మడతపెట్టుకుని నిలబడి ఉన్నాను. గోళీలు తుడవడం చూపిస్తానని అమ్మాయి రమ్మంది.